వెండి రూపాయి ఫొటోలో సీసపు బిళ్లలా వస్తోంది, కొత్త కెమెరాతో ఎలా తీయాలి?

కాసులపేరు:

అందరికీ నమస్కారం. మా మామయ్యగారు పాత నాణేలు సేకరిస్తారు. విక్టోరియా కాలం నుంచి ఆరో జార్జి దాకా వెండి రూపాయలు, అర్ధరూపాయలు, కొన్ని రాగి పావు అణాలు ఉన్నాయి. అన్నిటికీ బొమ్మా బొరుసూ రెండు వైపులా ఫొటోలు తీసి జాబితా తయారు చేసే పని నాకు అప్పగించారు. ఇన్నాళ్లూ ఫోనుతోనే తీశాను. దగ్గరికి పెడితే ఫోను నీడే నాణెం మీద పడేది. దూరంగా పెట్టి జూమ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. అందుకని ఈమధ్యే మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాం. ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (ఫొటోని పట్టే చిప్పు), 24 మెగాపిక్సెళ్లు, దాంతోపాటే వచ్చిన 18–55 మి.మీ. కిట్ లెన్సు. ట్రైపాడ్ ఉంది, టేబుల్ ల్యాంపులు రెండు ఉన్నాయి.

కెమెరా కొత్తది, ఫొటోలు మాత్రం పాత బాధే. వెండి రూపాయి అయితే బూడిదరంగులో చప్పగా వస్తుంది, లేదా రాజుగారి బుగ్గ మీద తెల్లటి మరక పడి అక్కడ ఏమీ కనిపించదు. ఒక విక్టోరియా అర్ధరూపాయికి అంచు చుట్టూ నీలం, బంగారు రంగుల టోనింగ్ (కాలంతో వెండి మీద పట్టే రంగు) ఉంది. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే ఎంత బాగుంటుందో! ఫొటోలో దాని జాడే లేదు. పావు అణాలైతే ఒకటి ఇటుకరంగులో, పక్కది పాలిపోయి వస్తోంది. రెండూ ఒకే రంగు నాణేలు, ఒకేసారి తీసినవి.

మామయ్యగారు భూతద్దం పట్టుకుని నా పక్కనే కూర్చుంటారు. ప్రతి ఫొటో తర్వాత ఒకటే మాట. "కెమెరా బాగుందమ్మా, మరి నా రూపాయి ఏదీ?"

ఆయనకు రెండు విషయాల్లో పట్టుదల. ఒకటి 1911 రూపాయి మీద రాజు వేసుకున్న హారంలోని ఏనుగు. దాని తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవైతే 1912లో బొమ్మ మార్చారు కదా, ఆ రెండింటి తేడా ఫొటోలో తెలియాలంటారు. రెండోది అయిదో జార్జి రూపాయల మీద బొంబాయి టంకశాల చుక్క. బొరుసు వైపు కింద తామర పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. నా ఫొటోల్లో అన్నీ కలకత్తావే అయిపోతున్నాయి.

మాక్రో లెన్సు (చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే లెన్సు) లేకుండా ఇది అయ్యే పనేనా? లేక నేనే ఏదైనా సెట్టింగ్ వదిలేస్తున్నానా? కెమెరాని ఆటోలో పెట్టి తీస్తున్నాను.

లెన్సుబాబు:

అక్కా, మాక్రో లెన్సు తీసుకోండి, సగం టెన్షన్ పోతుంది. 90 నుంచి 105 మి.మీ. మధ్యలో ఏదైనా సరే. ఆటో మోడ్ మాత్రం ఇవాళే వదిలేయండి.

అచ్చుముద్ర:

అమ్మా, లెన్సు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన కష్టాల్లో ఎక్కువ భాగం లైటు వల్ల వచ్చినవే. ఇదే లైటు కింద మాక్రో లెన్సుతో తీస్తే అదే చప్పటి రూపాయి ఇంకా పెద్దగా కనిపిస్తుంది, అంతే.

వెండి తన చుట్టూ ఏముంటే దాన్నే తిప్పి చూపిస్తుంది. గది పైకప్పు తెల్లగా ఉంటే ఆ తెలుపంతా నాణెం మీద పరుచుకుంటుంది. అందుకే ముందు ట్యూబులైటు ఆర్పండి, కిటికీ తెర వేయండి, మీ రెండు ల్యాంపుల్లో ఒకటి కూడా ఆర్పేయండి. ఒక్క ల్యాంపుతో నాణెం ఎలా మారుతుందో చూశాకే రెండోది వెలిగించాలి.

నాణేన్ని గడియారం అనుకోండి, రాజు తల పైభాగం 12. ల్యాంపుని 10, 11 మధ్యలో, లెన్సుకి దగ్గరగా, వీలైనంత ఎత్తులో పట్టుకోండి. స్టాండు మీద పెట్టకుండా చేత్తోనే పట్టుకోండి. కెమెరా తెర చూస్తూ మెల్లగా కిందికి దించండి. ఎత్తులో ఉన్నప్పుడు లోహపు రంగు బాగా వస్తుంది కానీ బొమ్మ చదునుగా ఉంటుంది. దించేకొద్దీ అక్షరాల పక్కన నీడలు పొడవవుతాయి, అరిగిపోయిన గీతలు పైకి తేలతాయి. మరీ దించితే చేతులు మారినప్పుడు పడ్డ సన్న గీత కూడా లోతైన గాటుగా కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య ప్రతి నాణేనికీ ఒక చోటు ఉంటుంది, అది వెతుక్కోవాల్సిందే. పుస్తకంలో రాసిన కోణం మీ రూపాయికి సరిపోవాలని లేదు.

6 వైపు నుంచి మాత్రం వెలుగు వేయకండి. వెలుగు పైనుంచి వస్తుందని మన కన్ను ముందే అనుకుంటుంది. కింది నుంచి వేస్తే ఉబ్బెత్తుగా ఉన్న బుగ్గ గుంటలా మారి రాజు ముఖం లోపలికి చెక్కినట్టు కనిపిస్తుంది. ఇది తెలియక నాణెం నకిలీదేమో అని భయపడినవాళ్లని చూశాను.

మీ ఏనుగు, మీ చుక్క కూడా ఈ ఒక్క ల్యాంపుతోనే దొరుకుతాయి. ఏనుగు కోసం ల్యాంపుని 9, 10 దగ్గరికి తెచ్చి కొంచెం దించండి. తొండం నీడ పక్కకి పడి విడిగా తెలుస్తుంది. చుక్క చిన్నది, గుండ్రనిది. వెలుగు ఒకే వైపు నుంచి పడితే ఒక పక్క మెరిసి ఇంకో పక్క నీడ పడుతుంది కాబట్టి పట్టుబడుతుంది. రెండు ల్యాంపులు ఎదురెదురుగా పెడితే ఒకదాని నీడని ఇంకొకటి తుడిచేస్తుంది. మీ బొంబాయి రూపాయలు కలకత్తాకి వెళ్లిపోవడానికి ఇదే కారణమై ఉంటుంది.

ల్యాంపు మీద ట్రేసింగ్ పేపరు కప్పమని చాలామంది చెబుతారు. బాగా అరిగిన నాణేనికి పర్వాలేదు, మెరుపు మిగిలిన నాణేనికి వద్దు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. అలా పారిన చోట కంటికి ఆనని సన్న గీతలు ఏర్పడతాయి. నాణేన్ని తిప్పినప్పుడు వెలుగు పట్టీలు గిర్రున తిరిగేది వాటివల్లే. వెలుగు వచ్చే చోటు చిన్నదిగా ఉంటేనే ఆ పట్టీలు కనిపిస్తాయి. కాగితం కప్పి దాన్ని పెద్దది చేస్తే అన్ని వైపులా సమానంగా పరుచుకుని మెరుపు చచ్చిపోతుంది. మీరు చెప్పిన బూడిదరంగు చప్పదనం అదే. మీ ల్యాంపులకి వెడల్పాటి తెల్ల షేడు ఉంటే తీసేసి, చిన్న బల్బు నేరుగా పడేలా చూడండి.

ఇక తెల్ల మరక. నాణేన్ని నల్లగుడ్డ మీద పెట్టి ఆటోలో తీస్తే, తెరలో ఎక్కువ భాగం నలుపే కాబట్టి కెమెరా దాన్ని బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. ఆ ఊపులో వెండి వెలుగు ఎక్కువై తెల్లగా పేలిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 100, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8 అలాగే ఉంచి, షట్టర్ వేగం ఒక్కటే మారుస్తూ హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి. గ్రాఫు కుడి అంచుకి తగలకూడదు. ఎల్‌ఈడీ బల్బులైతే తెర మీద అడ్డ చారలు రావచ్చు. 50 హెర్ట్జ్ కరెంటులో షట్టర్ 1/50 గానీ 1/100 సెకను గానీ పెడితే సాధారణంగా పోతాయి. అప్పుడు వెలుగు తగ్గించాలంటే ల్యాంపుని దూరం జరపండి. వేగం ఎంత తక్కువైనా కెమెరా స్టాండు మీద ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. బటన్ నొక్కినప్పుడు కదలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపేయడం మంచిది.

పావు అణాల రంగు గొడవ వైట్ బ్యాలెన్స్‌ది (దీపం రంగుని బట్టి ఫొటో రంగులు సరిచేసే సెట్టింగ్). తెరంతా రాగే నిండితే అది నాణెం రంగో, దీపం రంగో కెమెరాకి తెలియదు. ప్రతిసారీ ఒక ఊహ చేస్తుంది. నాణెం పెట్టే చోట గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి, అదే దీపం కింద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఒకసారి తీసి పెట్టుకోండి. దీపం మార్చేదాకా దాన్ని ముట్టుకోకండి. రెండు ల్యాంపుల్లోనూ ఒకే రకం బల్బు ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు అయితే ఏ సెట్టింగూ కాపాడలేదు.

ఇంకో చిన్న పని. నాణేన్ని గుడ్డ మీద నేరుగా పెట్టకుండా, నాణెం కంటే చిన్నదైన సీసా మూత మీద నిలపండి. నేపథ్యం కిందికి పోయి మసకబారుతుంది, నాణెం చుట్టూ నీడ ఉండదు, గుడ్డ పోగులు కనిపించవు. ఫొటో తీశాక కంప్యూటర్లో నాణేన్ని గుండ్రంగా కత్తిరించి తెల్లకాగితం మీద అతికించే పద్ధతి నాకు నచ్చదు. అంచు మీద దెబ్బలుంటే కత్తెరకి పోతాయి.

ఫొటో కోసమని నాణేలు రుద్ది మెరిపించకండి. దుమ్ముంటే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, అంతే. ఆ నీలం టోనింగ్ రుద్దితే మళ్లీ రాదు. ఇది మీకు కాదు, ఇక్కడ చదివే మిగతావాళ్లకి.

కాసులపేరు:

సార్, ఒక్క ల్యాంపు చేత్తో పట్టుకుని తిప్పితే నిజంగానే వేరే నాణెంలా ఉంది. చుక్క దొరికింది. కలకత్తా కింద రాసేసిన వాటిలో రెండు బొంబాయివని తేలాయి. మామయ్యగారు భూతద్దం పక్కన పెట్టి తెర చూస్తున్నారు. ఏనుగు కూడా వచ్చింది కానీ తొండం చివర ఇంకా కొంచెం మెత్తగానే ఉంది. ఫొటోలో నాణెం పైభాగం స్పష్టంగా, కింది అక్షరాలు కొద్దిగా మసకగా ఉన్నాయి. ఇది లెన్సు లోపమేనా? టోనింగ్ మాత్రం ఎంత తిప్పినా రావడం లేదు.

లెన్సుబాబు:

అక్కా, లెన్సు కొనమన్నది నేనే కాబట్టి లెక్క కూడా నేనే చెబుతాను. రూపాయి వెడల్పు సుమారు 30 మి.మీ. కిట్ లెన్సుల్లో చాలావాటికి గరిష్ఠ మాగ్నిఫికేషన్ (సెన్సర్ మీద పడే బొమ్మ సైజుకీ అసలు వస్తువు సైజుకీ నిష్పత్తి) 0.25 దరిదాపుల్లో ఉంటుంది. అంటే సెన్సర్ మీద నాణెం 7.5 మి.మీ. వస్తుంది. మీ సెన్సర్ ఎత్తు 15.6 మి.మీ., పిక్సెళ్లలో 4,000. లెక్కేస్తే నాణెం అడ్డంగా దాదాపు 1,900 పిక్సెళ్లు. జాబితాకీ, ఇంటర్నెట్‌లో పెట్టడానికీ ఇది ధారాళంగా చాలు. ఏనుగు ఒక్కదాన్నే తెర నిండా చూపించాలంటే చాలదు.

లెన్సు కొనకుండా మధ్యేమార్గం ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వాటిలో గాజు ఉండదు, కెమెరాకీ లెన్సుకీ మధ్య ఖాళీ గొట్టం. గొట్టం పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద మి.మీ.లో రాసే అంకె) భాగిస్తే పెరిగే మాగ్నిఫికేషన్ వస్తుంది. 50 మి.మీ. లెన్సుకి 25 మి.మీ. గొట్టం తగిలిస్తే 0.5 పెరుగుతుంది, అప్పుడు రూపాయి సెన్సర్ ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా దూరంతోనే. 50 మి.మీ. లెన్సుతో ఈ స్థాయిలో నాణెం దాదాపు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 100 మి.మీ. లెన్సుతో దానికి రెట్టింపు దూరం దొరుకుతుంది. అచ్చుముద్ర గారు చెప్పినట్టు ల్యాంపుని లెన్సు పక్కన ఎత్తులో పెట్టాలంటే ఆ జాగానే కావాలి. నేను 100 అన్నది జూమ్ కోసం కాదు, ల్యాంపుకి చోటు కోసం.

కింది అక్షరాల మసక లెన్సు లోపం కాకపోవచ్చు, నాణెం కెమెరాకి సమాంతరంగా లేనట్టుంది. 0.5 మాగ్నిఫికేషన్‌లో ఎఫ్/8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 2 మి.మీ. రూపాయి 3 డిగ్రీలు వాలితే ఒక అంచుకీ ఇంకో అంచుకీ ఎత్తులో తేడా 1.5 మి.మీ. పైనే. ఉన్న లోతంతా ఆ వాలుకే ఖర్చయిపోతుంది. సరిచూడడానికి ఒక తేలిక దారి. నాణెం స్థానంలో చిన్న అద్దం పెట్టండి. తెర మధ్యలో మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యకి వచ్చేదాకా కెమెరా తల వంచండి. అద్దం తీసి నాణెం పెట్టండి, అయిపోయింది. సీసా మూత వంకరగా ఉందేమో కూడా చూడండి.

మసక పోవాలని ఎఫ్/22 పెట్టకండి. దగ్గరగా తీసేటప్పుడు అసలు అపర్చర్ తెర మీద చూపించేదానికంటే చిన్నదవుతుంది. 1:1లో, అంటే బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తూ, ఎఫ్/8 పెడితే పని చేసేది ఎఫ్/16 లాగా. అంతకంటే మూసేస్తే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రం గుండా వెళ్లేటప్పుడు వెలుగు చెదరడం) వల్ల నాణెం మొత్తం సమానంగా మెత్తబడుతుంది. మీకు ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 చాలు. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, తెరని పెద్దది చేసి, బొరుసు వైపు తీసేటప్పుడు సంవత్సరం అంకెల మీద సరిచేయండి. ఫొటోలో జనం ముందు వెతికేది దాన్నే.

గాజుపలక:

టోనింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. వెండి మీద ఆ నీలం, బంగారు రంగు పెయింటు లాంటిది కాదు. వెండి సల్ఫైడ్ పలుచటి పొర మీదా, దాని అడుగున ఉన్న లోహం మీదా తగిలిన వెలుగులు కలిసి పుట్టే రంగు. దీపం వెలుగు నాణెం మీద పడి నేరుగా లెన్సులోకి వస్తేనే కనిపిస్తుంది. చేతిలో తిప్పినప్పుడు మీ కన్ను ఆ కోణాన్ని పట్టుకుంటుంది. పక్క నుంచి వెలుగు వేస్తే అది ఇంకో పక్కకి పోతుంది, లెన్సుకి నలుపో బూడిదో మిగులుతుంది.

దీనికి లెన్సుకీ నాణేనికీ మధ్య 45 డిగ్రీల వాలులో పలుచటి గాజు పలక పెట్టాలి. ఫొటో ఫ్రేములో గాజు చాలు, మరకలు లేకుండా తుడవండి. ల్యాంపుని పక్క నుంచి గాజు మీదికి వేయండి. వెలుగు గాజుకి తగిలి నిట్టనిలువుగా నాణెం మీదికి దిగుతుంది, తిరిగి పైకి వచ్చి గాజు గుండా లెన్సులోకి వెళుతుంది. ల్యాంపు వెలుగు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో చిన్న అట్టముక్క అడ్డం పెట్టాలి. గాజుకి అవతలి వైపు నల్ల అట్ట పెట్టాలి, లేకపోతే అటు గోడ కూడా ఫొటోలోకి వస్తుంది. ఇక్కడ నాణెం కెమెరాకి ఎంత సమాంతరంగా ఉంటే రంగు అంత సమానంగా వస్తుంది. గాజు చాలా వెలుగుని తినేస్తుంది, షట్టర్ వేగం తగ్గించుకోండి. అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలకి కూడా ఇదే దారి.

అచ్చుముద్ర:

గాజుతో రంగు వస్తుంది, నిజమే. కానీ జాబితా మొత్తం అలా తీయొద్దమ్మా. నిట్టనిలువు వెలుగులో నీడలు ఉండవు, ఉబ్బెత్తు తెలియదు, బాగా అరిగిన రూపాయి పల్చటి ముద్రలా కనిపిస్తుంది. ఆ అర్ధరూపాయికి రెండు ఫొటోలు తీయండి, రంగు కోసం ఒకటి, అచ్చు కోసం ఒకటి. అమ్మకానికి పెట్టేవాళ్లు గాజు ఫొటో ఒక్కటే చూపిస్తే నాకు అనుమానమే. గీతలన్నీ అందులో మాయమవుతాయి.

గాజుపలక:

అనుమానం సరే, కానీ పక్క వెలుగు ఫొటో ఒక్కటే చూపించినా అబద్ధమేగా సార్. మెరిసే నాణేన్ని మురికిదని చూపిస్తుంది.

అచ్చుముద్ర:

అందుకే రెండూ అన్నాను.

కాసులపేరు:

గాజుతో తీశాను. అంచు నీలం వచ్చింది, లోపల సన్నటి గులాబీ గీత ఒకటి ఉందని ఇప్పుడే తెలిసింది. మామయ్యగారికీ తెలియదట, నాణెం తీసి భూతద్దంతో మళ్లీ చూసుకున్నారు. అద్దం చిట్కాతో కింది అక్షరాలు సరిపోయాయి, తొండం కూడా. మూత వంకరే. మాక్రో లెన్సు ప్రస్తుతానికి వద్దనుకుంటున్నాం, ట్యూబులు చూస్తాను.

చివరిగా ఒకటి. ఆరో జార్జి రూపాయల్లో సెక్యూరిటీ అంచు (నకిలీలు రాకుండా గీతల మధ్య గాడి పెట్టిన అంచు) ఉన్నవాటికి ఆ అంచు కూడా ఫొటో తీయాలంటున్నారు. నాణేన్ని నిలబెట్టి తీయడం ఎలా?

లెన్సుబాబు:

రెండు రబ్బరు ముక్కల మధ్య నిలబెట్టండి అక్కా, నాణెం మీద ఒత్తిడి పడకుండా. కెమెరాని టేబుల్ ఎత్తుకి దించి, ఒక్క ల్యాంపు పైనుంచి వేయండి. గాడీ గరుకు గీతలూ నీడతో తేలతాయి. అంచు గుండ్రం కదా, ఎఫ్/11 పెట్టినా ఎదురుగా ఉన్న కొద్ది భాగమే స్పష్టంగా వస్తుంది. గాడి కనిపిస్తే చాలు. నాణేన్ని తిప్పుకుంటూ చుట్టూ తీయక్కర్లేదు, మామయ్యగారు పట్టుబడితే తప్ప.